పరుగునకు చాలని చూపు

ఈ సాయంకాలమున నేను ముచ్చటింపబూనిన విషయము విని మీలో కొందరు నవ్వుకొందురేమో. పిల్లలు తెరమీద ఆడుకొను వీడియో ఆటలను గూర్చి తలనెరసినవాడు తలనెరసినవారికి చెప్పవలసిన దేమున్నదని అడుగుదురేమో. నేనును చాలకాలము అట్లే తలచితిని. కాని ఈ యాటల చరిత్రను కొంత తెలిసికొన్న పిమ్మట, మా యింట నేను పూర్వము చెప్పిన తీర్పొకటి తప్పని తేలినది. ఆ తప్పును ఒప్పుకొనుటకే ఈ ప్రసంగము.

సుమారు ముప్పది యేండ్ల క్రిందటి మాట. అప్పుడు మా కుమారుడు పండ్రెండేండ్లవాడు. టెలివిజనునకు తగిలించి ఆడుకొను చవుక యంత్రమొకటి వానికి కొనియిచ్చితిని. విదేశపు యంత్రములకు నకళ్ళుగా చేసినవి ఆ దినములలో మన పట్టణములందు విరివిగా దొరకెడివి. మేము కొన్నదాని పేరుతోగాని, అందలి ఆట పేరుతోగాని ఇచట పనిలేదు. ఒక బొమ్మ అరుగునుండి అరుగునకు దుముకుచు పరుగెత్తుచుండును. దానిని గమ్యము చేర్చవలెను. మావాడు ప్రతిదినమును ఒకే గోతిలో పడుచుండెడివాడు. ఒకనాడు కోపము పట్టలేక చేతిలోని మీటల పెట్టెను నేలకు కొట్టెను. నేను వానిని నిలబెట్టి, “నీకు ఓర్పు లేదు, చూచి అడుగు వేయుట తెలియదు; చదువులోను నీ గతి ఇంతే” అని మందలించి, యంత్రమును అటుకపై పెట్టించితిని. వాడు ఏడ్చుచు ఒక్క మాట అనెను: “నాన్నగారూ, అది కనపడేటప్పటికే పడిపోతున్నానండీ.” నేను దానిని సాకుగా తలచితిని. అది సాకు కాదు, లెక్క. ఎట్లో చెప్పెదను.

ఈ జాతి యాటలలో లోకమంతట పేరొందినది జపానులోని క్యోటో నగరమందలి నింటెండో సంస్థ 1985 సెప్టెంబరులో వెలువరించిన ‘సూపర్ మారియో బ్రదర్స్’. షిగేరు మియామోతో, తకాషి తెజుకా అనువారు దానిని కల్పించినవారిలో ముఖ్యులు. తెరమీది బొమ్మ యంతయు ముగ్గులోని చుక్కలవలె సన్నని చుక్కల కూర్పు. వానిని పిక్సెలులందురు. ఈ యాటలో తెర వెడల్పు 256 చుక్కలు. జపాను, అమెరికాల పద్ధతిలో తెరమీది చిత్రము సెకనునకు 60 మారులు మారును. మారియో అను బొమ్మ ఎంత వేగముగ పరుగెత్తినను చిత్రమునకు రెండున్నర చుక్కలకు మించి కదలడు. అనగా సెకనునకు 150 చుక్కలు. వాని ముందు తెరలో సగమునకు తక్కువ కాని చోటు కానవచ్చుచుండును. కావున ఎదుటి గొయ్యి కనబడినది మొదలు దానిని చేరువరకు ఆడువానికి ఇంచుమించు ఒక సెకను వ్యవధి యుండును. బాలునకు అది చాలును.

ఆ యాట మొదలు పెట్టిన తీరుకూడ గమనింపదగినది. ఆరంభముననే కుడివైపునుండి శత్రువొకడు మెల్లగా నడచి వచ్చును. వానిని తాకినచో బొమ్మ చచ్చును. వానిపైకి దుమికినచో వాడు చచ్చును. నష్టపోయినను పోయినది నాలుగడుగులే. బడిలో పలకమీద అక్షరము దిద్దించినట్లు, మాట లేకయే ఆట తన్ను తాను నేర్పుకొనును. తప్పు చేసినవానికి తప్పెక్కడ చేసెనో తెలియును. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

టోక్యో నగరమందలి సెగా సంస్థ నింటెండోకు ప్రత్యర్థి. పోటీలో నిలుచుటకు వారికి కొత్త బొమ్మ ఒకటి కావలసివచ్చెను. యూజీ నాకా అను యంత్రగణితవేత్త, నవోతో ఓషిమా అను చిత్రకారుడు, హిరోకాజు యాసుహారా అను మార్గకల్పకుడు, ఈ మువ్వురు ముఖ్యులుగా పనిచేసి 1991 జూనులో ‘సోనిక్ ది హెడ్జ్‌హాగ్’ అను ఆటను వెలువరించిరి. సోనిక్ అనగా ఏదుపందిని పోలిన చిన్న ముండ్ల జంతువు, నీలవర్ణముది. మారియోకు నడక సహజము, సోనిక్‌కు పరుగే ప్రాణము. వంపు తిరిగిన నేలమీద బొమ్మను జారుడుగా పరుగెత్తించు ఉపాయమును నాకా కనిపెట్టెను. కొండవాలున దిగునప్పుడు వేగము పెరుగును, ఎక్కునప్పుడు తగ్గును. గుండ్రని దారిలో తలక్రిందులుగా తిరిగి బయటికి వచ్చును. చూచువారికి అది అద్భుతముగ తోచెను. మీటలపెట్టెలో మూడు గుండీలున్నను మూడింటికిని దుముకుటయే పని. అంత సులభము.

ఇక లెక్క చూతము. ఈ యాటలో తెర వెడల్పు 320 చుక్కలు. సోనిక్ ఇంచుమించు తెర నడుమ నుండును. కావున వాని ముందు కానవచ్చునది 160 చుక్కల నేల. సమభూమిపై వాని నిండు పరుగు చిత్రమునకు 6 చుక్కలు, అనగా సెకనునకు 360. ఈ పరుగులో 160 చుక్కలు దాటుటకు సెకనులో సగముకన్న తక్కువ కాలము పట్టును. బంతివలె చుట్టుకొని వాలున దొర్లినచో వేగము చిత్రమునకు 16 చుక్కలవరకు పెరుగవచ్చును, అనగా సెకనునకు 960. అప్పుడు ముందున్న నేలను దాటుటకు పట్టు కాలము సెకనులో ఆరవవంతు మాత్రమే.

మనుష్యుడు దీపము వెలిగినది చూచి వెంటనే గుండీ నొక్కుటకే సెకనులో నాలుగవ, ఐదవవంతు కాలము పట్టును. అదియును వెలుగునని ముందే తెలిసి కాచుకొన్న మాట. ఎదుట వచ్చినది గొయ్యియా, శత్రువా, ముండ్లా అని పోల్చుకొని, దుముకుటయా ఆగుటయా అని నిశ్చయించుటకు ఇంకను ఎక్కువ పట్టును. కావున నిండు వేగమున దొర్లువానికి, ఎంతటి చురుకైనవాడైనను, చూచి తప్పించుకొనుట మానవసాధ్యము కాదు. మా కుమారుడు ఏడ్చుచు చెప్పినది ఇదే.

మీలో బండ్లు తోలినవారు దీనిని నాకన్న చక్కగా నెరుగుదురు. చీకటి రాత్రి బండిక్రింద లాంతరు కట్టి తోలునప్పుడు ఆ వెలుగు రెండు బారల మేర పడును. ఎడ్లు నడచినంతసేపు అది చాలును. దౌడు తీయించినచో గొయ్యి కనబడువేళకు చక్రము గోతిలో నుండును. అప్పుడు లాంతరు చిన్నదైన నేరము ఎడ్లమీద మోపుట న్యాయమా?

ఆ కల్పకులకు ఈ లోపము తెలియదని నేననను. తెలియుటచేతనే ఉంగరముల యేర్పాటు చేసిరి. దారిపొడుగున బంగారు ఉంగరములు తేలుచుండును. ఒక్క ఉంగరము చేతనున్నను దెబ్బ తగిలినప్పుడు ప్రాణము పోదు. ఉంగరములు మాత్రము చెదరిపోవును. వానిలో కొన్నిటిని మరల ఏరుకొనవచ్చును. చూపు చాలని చోట క్షమాగుణము చూపిరన్నమాట. ఆ యాట నేటికిని ప్రియముగ నుండుటకు ఇదియొక కారణమని నా అభిప్రాయము.

కాని ఆ క్షమకును ఒక వెలితి యుండెను. దెబ్బ తగిలిన తరువాత కొద్దిసేపు బొమ్మ మినుకుమినుకుమనును. ఆ కాలమున మరల దెబ్బ తగులదని ఆట నియమము. ఆడువాడు దానిని నమ్ముకొనును. అయితే 1991 నాటి ఆటలో నేలలో నాటిన ముండ్లు ఆ నియమమును పాటింపవు. ఒక ముండ్లవరుసపై బడి ఉంగరములు పోగొట్టుకొన్నవాడు, ఎగిరి రెండవ వరుసపై బడినచో మినుకుచుండగనే చచ్చును. నియమము చెప్పి తానే తప్పిన ఆటను పిల్లవాడు తన చేతగానితనమనుకొనును. మరుసటి యేడు, 1992లో, వచ్చిన రెండవ ఆటలో ఈ లోపమును సవరించిరి.

ఇంకొక విధమైన లోపమును గలదు. మొదటి మజిలీ ‘గ్రీన్ హిల్’ పచ్చని కొండలలో హాయిగా పరుగెత్తించును. రెండవ మజిలీ ‘మార్బుల్’ చేరగానే, కరగిన నిప్పుల మడుగుపై తేలు దిమ్మెలమీద నిలిచి, అవి దరి చేరువరకు కాచుకొనవలెను, బండలను త్రోయవలెను. ‘లాబిరింత్’ అను మజిలీలో నీటిలో మునిగి మెల్లమెల్లగ నడువవలెను. 30 సెకనులలోపల గాలిబుడగ దొరకనిచో మునిగి చచ్చును. పరుగుపందెమునకని పిలిచి బురదమడిలో నాట్లు వేయించినట్లుండును. నిదానముగ నాడు ఆటలు చెడ్డవి కావు. కాని ఆట ప్రారంభమున ఏ గుణమును మెచ్చుకొని నేర్పినదో, నడుమ దానికే శిక్ష వేసినచో ఆడువానికి విసుగు పుట్టుట సహజము.

చూపు చాలకపోవుట అన్నిటికన్న స్పష్టముగ తెలియునది సెగావారి చేతియంత్రము ‘గేమ్ గేర్’లో. దాని తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు మాత్రమే. 1992లో సోనిక్ రెండవ ఆటను చిన్న యంత్రములకు వేరుగ సమకూర్చిరి. ‘మాస్టర్ సిస్టమ్’ అను ఇంటియంత్రములో అదే ఆట 256 చుక్కల వెడల్పున, 192 చుక్కల ఎత్తున కానవచ్చెడిది. చేతియంత్రములో దారులు ఇంచుమించు అవే. కిటికీ మాత్రము చిన్నది. మొదటి మజిలీ చివరనే, వాలునేలపై నిలిచి, ఎడమవైపునుండి ఎగిరెగిరి వచ్చు పెద్ద గుండ్లను తప్పించుకొనవలెను. చిన్న తెరలో ఆ గుండ్లు మీదికి వచ్చినదాక కనబడవు. ఆట మొదటిలోనే అనేకులు అక్కడ ఆగిపోయిరి. ఇంటియంత్రములో ఆడినవాడు దాటెను, చేతియంత్రములో ఆడినవాడు దాటలేదు. ఇందులో నేర్పు భేదమెంత, కిటికీ భేదమెంత?

అదే యేటి పెద్ద యంత్రపు ఆటలో ‘స్పిన్ డాష్’ అను కొత్త విద్య చేర్చిరి. నిలిచినచోటనే గిరగిర తిరిగి ఒక్కుమ్మడిగ దూసికొనిపోవుట. అప్పటి వేగము చిత్రమునకు 8 మొదలు 12 చుక్కలవరకు. దూసికొనిపోవు క్షణమున తెర కొంచెము వెనుకబడి కదలుటచే, చూపు అవసరమైన వేళనే ముందరి నేల మరింత తగ్గును.

ఇట్టి తప్పులు ఒక్క సంస్థవే యనుకొనరాదు. ఇంగ్లండులోని రేర్ సంస్థవారు 1991లో వెలువరించిన ‘బ్యాటిల్‌టోడ్స్’ అను ఆటలో, మూడవ మజిలీయందు వాహనముపై దూసికొనిపోవుచు రాతిగోడలను తప్పించుకొనవలెను. గోడ వచ్చుటకు ముందు దాని గుర్తు మెరయును. ఆ మట్టుకు న్యాయమే. కాని పోనుపోను వేగము హెచ్చుటచే కంటితో చూచి పనిలేదు. వరుసను కంఠస్థము చేయవలసినదే. అంతకన్న ఘోరము, నింటెండో యంత్రమునకు అమెరికాలో వెలువడిన ప్రతిలో ఇరువురు కలిసి పదునొకండవ మజిలీ చేరినచో రెండవవాని మీటలు పనిచేయనే చేయవు. అంతదూరము కష్టపడి వచ్చిన ఇరువురన్నదమ్ములలో తమ్ముడు “నీవలననే ఓడితిమి” అను మాట పడియుండునని నేననుకొందును. వాని చేతిలోని మీట మూగదని ఆ పిల్లలకెట్లు తెలియును?

ఈ లోపములు ఏల కలిగెను? నాకు మూడు కారణములు తోచుచున్నవి. ఒకటి, వేగము అమ్మకపు సరకగుట. ప్రత్యర్థి యంత్రము చూపలేని పరుగును తాము చూపవలెనను పట్టుదలయే సోనిక్‌ను పుట్టించినది. తెర వెడల్పు మాత్రము యంత్రముతో కట్టుబడియున్నది. రెండు, ఆట చిన్నదగుట. మొదటి సోనిక్ అంతయు 512 కిలోబైట్ల బిళ్ళలో ఇమిడినది. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాపటము అంతకు మించును. చిన్న యాటను చాలదినములు ఆడింపవలెనన్నచో కష్టము పెంచుటయే సులభోపాయము. ఆడినంతవరకు దాచుకొను వసతియు అందులో లేదు. యంత్రము నార్పినచో మరల మొదటినుండియే. మూడవది, కల్పించినవానికి దారి తెలిసియుండుట. నెలల తరబడి ఆ కొండలలో తిరిగినవానికి ప్రతి గొయ్యియు కంఠస్థము. తన యింటి గడప తనకు తగులదు, చుట్టమునకు తగులును.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. “అవి మొదటిసారియే గెలుచుటకు చేసిన యాటలు కావు. పదిమారులు పడి దారి నేర్చినవానికి పదునొకండవసారి పరుగు బహుమానము. పద్యమును వల్లెవేసినవాడు ధారాళముగ చదివినట్లు” అని ఆ యాటల నభిమానించువారు చెప్పుదురు. ఇందులో నిజము గలదు. దారి యెరిగినవాడు సోనిక్‌ను పరుగెత్తించుట చూచితిని, అది కన్నులపండువే. కాని వల్లెవేయుట వేరు, చూచి నడచుట వేరు. వల్లెవేయుమని ముందు చెప్పిన గురువు మంచివాడే. చూచి నడువుమని చెప్పి, కన్నులకు గంతకట్టి, పడినప్పుడు “చూడలేదేమి?” అని దండించువానిని ఏమనవలెను? పడినవానికి తానేల పడెనో తెలిసినచో ఆ పాటు పాఠమగును. తెలియనిచో దండన మాత్రమే.

ఆ కల్పకులే క్రమక్రమముగ దిద్దుకొనిరి. 1993లో వచ్చిన ‘సోనిక్ సీడీ’ అను ఆటలో బొమ్మ నిండు పరుగందుకొన్నప్పుడు తెర ముందునకు జరిగి, రాబోవు నేలను ఎక్కువగ చూపును. బండి దౌడు తీసినప్పుడు లాంతరును ముందునకు పట్టినట్లు. 1994లో వచ్చిన మూడవ ఆటలో ఆడినంతవరకు దాచుకొను వసతి కలిగెను. 2013లో మొదటి ఆటనే చేతిఫోనులకు తగినట్లు విశాలమైన తెరతో మరల సమకూర్చిరి. 2017లో వచ్చిన ‘సోనిక్ మేనియా’ పాత పద్ధతిలోనే చేసిన కొత్త ఆట. దాని తెర వెడల్పు 424 చుక్కలు. ఆ పాత యాటలను బాల్యమున ఆడి పెరిగినవారు దానిని చేసినవారిలో ముఖ్యులు. పడినవారే గోతులు పూడ్చిరన్నమాట.

గడచిన వేసవిలో మా మనుమడు ఆ 2013 నాటి ఆటను ఫోనులో ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. కొండలు అవే, ముండ్లు అవే, శత్రువులు అవే. చూపు మాత్రము విశాలమైనది. వాడు చాలచోట్ల ముందుగనే చూచి దుముకుచుండెను. “మీ నాన్న ఇట్టి యాటలో ఒకే చోట పడెడివాడురా” అంటిని. వాడు తలయెత్తక, “అప్పటి టీవీలో ముందున్నది కనపడదు కదా తాతయ్యా” అనెను. పదేండ్ల బాలుడు ఒక్క క్షణములో చెప్పిన దానిని నేను తండ్రినై యుండి ముప్పది యేండ్లు వినిపించుకొనలేదు.

ఆ రాత్రి మా కుమారునకు ఫోను చేసి, ఇంతకుముందు మీకు చెప్పిన లెక్కలన్నియు వానికి చెప్పితిని. వాడు నవ్వెను, ఆటను గూర్చి యేమియు అనలేదు. కొంతసేపటికి, “చదువులోనూ నీ గతి ఇంతే అన్నారు నాన్నగారూ, అది మాత్రం చాలా రోజులు గుర్తుంది” అనెను. గోతిలో పడిన సంగతిని వాడు ఏనాడో మరచెను. నా తీర్పును మరువలేదు. “ఆ మాట తప్పురా” అని చెప్పితిని. అంతకుమించి చెప్పుటకు నాకు మాట తోచలేదు.

అయ్యలారా, మన యిండ్లలో పిల్లలు ఏదో యొకదానిలో పడుచునే యుందురు. అది ఆట కావచ్చును, లెక్క కావచ్చును, చేతికిచ్చిన పనిముట్టు కావచ్చును. ఒకే చోట పదిమారులు పడినచో, మందలించుటకు ముందు వాని ప్రక్కన కూర్చుండి, వాడు నిలిచిన చోటినుండి ముందరి నేల ఎంత మేర కనబడుచున్నదో మనమును ఒక్కసారి చూతము. తప్పు వానిదే యైనచో అప్పుడు మందలించుటకు కాలము మించిపోదు.

మా యంత్రము ఇంకను అటుకమీదనే యున్నది. పండుగకు మావాడు వచ్చినప్పుడు దింపించెదను. ఈసారి మీటలపెట్టె నా చేతికి తీసికొని, ఆ గొయ్యి యెట్లుండునో నేనును పడి చూడదలచియున్నాను.